లోతుపేటలో ‘ళ’

నమోదు 1

ఈ రోజు బడి తెరిచాం. నా పేరు హైమావతి. లోతుపేటలో చిన్న తరగతి టీచరుగా వచ్చాను. ఊరు భీమిలికి ఎదురుగా, సముద్రం అడుగున ఉంది. ఇక్కడివాళ్ళు నేల మీద దొరికే లోహపు గుండ్లు ఏరి పైకి పంపుతారు. బడి గదికి ఒకే కిటికీ. బయట ఎప్పుడూ చీకటి. దీపం వేస్తే అప్పుడప్పుడూ ఒక పీత అద్దం మీద పాకుతూ కనిపిస్తుంది.

పాఠానికి ముందు పిల్లల గొంతుపట్టీలు సరిచూడడం నా మొదటి పని. ఈ లోతులో మామూలు గాలి పీలిస్తే మనిషి మత్తులో పడిపోతాడు. అందుకని ఇక్కడి గాలిలో హీలియం కలుపుతారు. ఆ గాలిలో ఎవరు నోరు తెరిచినా గొంతు పిట్టకూతలా సన్నబడి, మాట పట్టుబడదు. మెడకున్న పట్టీ ఆ కూతని అందుకుని, సరిచేసి, ఎదుటివాళ్ళ చెవిబిళ్ళలోకి మామూలు గొంతుగా పంపిస్తుంది. పిల్లలకి రెండేళ్ళు దాటగానే పట్టీ కడతారు.

నా తరగతిలో ఉన్న పిల్లలందరూ ఇక్కడే పుట్టారు. ఇక్కడ పుట్టి బడికి వచ్చిన మొదటి జట్టు వీళ్ళే.

పైనుంచి తెచ్చిన అక్షరాల పటం గోడకి అంటించాను. ఆ – ఆవు. ఈ – ఈగ. ఉ – ఉడుత. ఏ – ఏనుగు.

“టీచర్, ఆవు ఎంత లోతులో ఉంటుంది?” అని సాదిక్ అడిగాడు.

పటం తీసేశాను.

నమోదు 3

కొత్త పటం గీశాను. ఆ – ఆల్చిప్ప. గ – గది. చ – చేప. త – తలుపు. ప – పీత. ర – రొయ్య. ఇది పిల్లలకి వెంటనే పట్టుబడింది.

గుణింతం దగ్గర మళ్ళీ ఆగాల్సి వచ్చింది. “క కి కొమ్మిస్తే కు” అన్నాను. కొమ్మంటే ఏమిటని లోవకుమారి అడిగింది. ఆవు తల గీసి చూపించాను. వాళ్ళు కాసేపు దాన్ని పరిశీలించి, అవి రొయ్య మీసాలని తేల్చారు. ఇప్పుడు మా తరగతిలో క కి మీసమిస్తే కు, మీసం దీర్ఘమిస్తే కూ. పాఠ్యప్రణాళికలో ఇలా లేదు. కానీ ఎవరూ మరిచిపోవడం లేదు కాబట్టి అలాగే ఉంచేశాను.

నమోదు 6

ఈ ఊళ్ళో ఒక నిబంధన ఉంది. ఆరేళ్ళు నిండేలోగా పిల్లలు అక్షరాల పరీక్ష నెగ్గాలి. తలుపుల మీద, గొట్టాల మీద రాసిన హెచ్చరికలు చదవలేనివాళ్ళని అడుగున ఉంచకూడదు. తప్పిన పిల్లల్ని పైనున్న హాస్టల్‌కి పంపిస్తారు. తల్లిదండ్రుల పని ఒప్పందం ఇక్కడికే కాబట్టి వాళ్ళు వెంట వెళ్ళడానికి లేదు.

ఈ ఏడాది ఆరేళ్ళు నిండేది మంగళకి ఒక్కదానికే. అందరికంటే పెద్దది, తక్కువ మాట్లాడుతుంది. తల్లి పైడమ్మ గుండ్లు ఏరే బండి నడుపుతుంది. తండ్రి దక్షిణాన సముద్రం అడుగునే ఉన్న ఇంకో ఊళ్ళో పనిచేస్తాడు, ఎప్పుడో ఒకసారి వస్తాడు.

ఈ రోజు మంగళకి నమూనా పరీక్ష పెట్టాను. అసలు పరీక్ష కూడా ఇలాగే ఉంటుంది. పై ఆఫీసు నుంచి పట్టీ ద్వారా శబ్దం వినిపిస్తుంది, పిల్ల అక్షరం ముట్టుకోవాలి. తర్వాత అక్షరం చూపిస్తారు, పిల్ల పలకాలి.

అ నుంచి అః దాకా ఒక్క తప్పు లేదు. హల్లుల్లో చాలా తప్పులు. ళ అంటే ల ముట్టుకుంది. ణ అంటే న. ష అంటే స. ఖ కి క, ఘ కి గ.

తర్వాత తనకి తోచింది రాయమన్నాను. “నాకు రెండు కల్లు. మా ఊల్లో చాలా ఇల్లు. అమ్మ నీల్లు తెస్తాది” అని రాసింది. కింద పేరు: మంగల.

అక్షరాలు మాత్రం గుండ్రంగా, పొందిగ్గా ఉన్నాయి.

నమోదు 7

ఊరి అధికారి కృపానందం గారికి ఫలితం చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు.

“వినికిడి లోపమేమో హైమగారూ. డాక్టరుకి చూపిద్దాం.”

డాక్టరు చూశాడు. చెవులు బాగున్నాయి.

“అయితే పిల్ల మందకొడి అయుంటుంది” అన్నారు కృపానందం గారు. చెడ్డగా అనలేదు. తర్వాత ఏ కాగితం నింపాలో ఆలోచిస్తూ అన్నారు.

నమోదు 9

మిగతా పిల్లలకీ అదే పరీక్ష పెట్టాను. అందరూ అవే తప్పులు చేశారు. అవే అక్షరాలు, అదే తీరు.

మధ్యాహ్నం కృపానందం గారి గదికి వెళ్ళి, ఆయన్ని గోడవైపు తిరిగి కూర్చోమన్నాను. నేను పలికినవి విన్నవి విన్నట్టు రాయమన్నాను. ల, ళ, ళ, ల, న, ణ, ణ. మాటలు కాదు, ఉత్త శబ్దాలు.

ఆయన రాసింది చూపించారు. ల, ల, ల, ల, న, న, న.

“మీరు ళ అన్నారా?”

“రెండుసార్లు.”

ఆయన తన చెవిబిళ్ళ తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

సంగతి ఇది. పట్టీ దగ్గర దగ్గర శబ్దాలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తోంది. ళ ఎవరి నోట్లోంచి వచ్చినా ఎదుటివాళ్ళ చెవికి ల గానే చేరుతుంది. పైనుంచి వచ్చిన మాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ‘నీల్లు’ అని వినపడినా నీళ్ళే అనుకుంటాం, ఎందుకంటే ఆ మాట మాకు ముందే వచ్చు. ఇక్కడ పుట్టిన పిల్లకి అలా అనుకునే వీలు లేదు. మంగళ తప్పు రాయలేదు. విన్నది రాసింది.

పట్టీ సరిచేయమని కృపానందం గారు పైకి రాశారు.

నమోదు 11

జవాబు వచ్చింది. పట్టీల నాణ్యత నిర్దేశించిన ప్రమాణంలోనే ఉంది, మార్పులు వచ్చే ఏడాది పరిశీలిస్తారు. మంగళ పరీక్ష మాత్రం ఈ ఏడాదే.

నేను ఇంకో దారి ఆలోచించాను. పాఠం జరిగేంతసేపూ పట్టీలు తీసేద్దాం అని కృపానందం గారిని అడిగాను. ఆయన ఇష్టపడలేదు. ప్రమాద హెచ్చరికలు చెవిబిళ్ళలోకే వస్తాయి. చివరికి, నేను బిళ్ళ తీయనని మాట తీసుకుని, గది తలుపు మూసి ఉండాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.

పట్టీలు తీయగానే పిల్లలు మొదట చేసిన పని నా గొంతు విని పడిపడి నవ్వడం. రెండో పని వాళ్ళలో వాళ్ళు గబగబా మాట్లాడుకోవడం. నాకు కిచకిచలు తప్ప ఏమీ తెలియలేదు. వాళ్ళకి మాత్రం అంతా తెలుస్తోంది. పట్టీ కట్టకముందు రెండేళ్ళు విన్నది ఆ గొంతులే. ఆటల్లో చాటుగా పట్టీలు తీసి మాట్లాడుకుంటారని కూడా ఈ రోజే తెలిసింది.

శబ్దాన్ని చెవితో కాకుండా ఒంటితో నేర్పాలని నిర్ణయించాను. వంటగది నుంచి కాస్త బెల్లం పాకం తెచ్చాను. వేలి కొసతో పంటి వెనకాల అంటించి, నాలుక అక్కడ ఆనించమన్నాను. అది ల. తర్వాత అంగిలి మీద లోపలగా అంటించాను. నాలుక వెనక్కి మడిస్తేగాని అందదు. అది ళ. క కి, గ కి గొంతు మీద చెయ్యి పెట్టించాను. ఒకటి ఊరుకుంటుంది, ఒకటి జుమ్మంటుంది. ఖ కి అరచెయ్యి నోటి ముందు పెట్టించాను. గాలి తగలాలి.

పాకం అయిపోయాక కూడా మంగళ నాలుక మడిచి కూర్చునే ఉంది. నోరు తెరిచి నాకు చూపించింది. సరైన చోటే ఉంది.

నమోదు 14

పాఠం బాగా సాగుతోంది. పట్టీలు లేకుండా పిల్లలు ల, ళ వేరుగా పలుకుతున్నారు, వేరుగా వింటున్నారు. ఆ సన్నని గొంతుల్లో తేడా నాకు కూడా కొంచెం కొంచెం తెలుస్తోంది. అక్షరాల వరకే. మాటలు ఇంకా తెలియడం లేదు.

మంగళ ఈ రోజు ఒక ఇంటి బొమ్మ గీసి కింద ‘ఇల్లు’ అని రాసింది. పక్కన చాలా బొమ్మలు గీసి ‘ఇళ్ళు’ అని రాసింది. కాసేపు చూసుకుంది. తర్వాత పేరు చెరిపి మళ్ళీ రాసింది: మంగళ.

నమోదు 16

ఈ రోజు పని దిగి దుస్తులు కూడా మార్చుకోకుండా పైడమ్మ బడికి వచ్చింది. పిల్లలు వెళ్ళిపోయారు. ఆమె చిన్నపిల్లల బల్ల మీద కూర్చోలేక నిలబడే మాట్లాడింది.

“ఏటి టీచరమ్మా, నా పిల్లకి ఏటి నేర్పుతున్నావు?”

“అక్షరాలే పైడమ్మగారూ.”

“ఇంటికొచ్చిన కాడినుంచీ పట్టీ పీకేస్తంది. కట్టుకోమంటే కట్టుకోదు. కిచకిచమంటాది. నాకొక్క ముక్క తెలీదు. అన్నం కావాలా అంటే కిచకిచ. కడుపునొప్పా అంటే కిచకిచ. నిన్న ఏడిసింది. ఎందుకేడిసిందో నాకు తెలీదు.”

పట్టీ చేస్తున్న పని వివరించాను. పరీక్ష సంగతి చెప్పాను. “మీ అమ్మాయి పేరు కూడా ఆ యంత్రం మార్చేస్తోందండీ. మీరు ఏమని పిలిచినా దానికి మంగల అనే వినబడుతోంది” అన్నాను.

ఆమె గోడ మీది పటం వంక ఒకసారి చూసింది.

“పరీక్ష పోతే పిల్లని పైకి తీసుకుపోతారు. నిజమే. నీ చదువు వల్ల పిల్ల ఇక్కడే ఉంటాది. కానీ నా ఎదట కూకుని నాకు కాకుండా పోతంది. ఏది నయం? నువ్వే చెప్పు.”

పాఠం అయ్యాక పట్టీ నేనే కట్టి పంపిస్తానన్నాను. ఆమె వెళ్ళిపోయింది.

నమోదు 18

పరీక్ష విషయంలో అసలు చిక్కు ఈ రోజు బయటపడింది. నేను ముందే ఆలోచించాల్సింది. పరీక్ష పెట్టేవాళ్ళు పైన ఉంటారు. వాళ్ళ శబ్దం పట్టీ గుండానే రావాలి, పిల్ల జవాబు పట్టీ గుండానే వెళ్ళాలి. మంగళ ళ ఎంత బాగా పలికినా వాళ్ళకి ల అనే చేరుతుంది.

కృపానందం గారు నిబంధనలు తిరగేశారు. పరీక్ష విశాఖ రేవు కేంద్రంలో ఎదురుగా కూర్చుని కూడా ఇవ్వవచ్చు. కాకపోతే పైకి వెళ్ళడమంటే లిఫ్టు ఎక్కడం కాదు. ఒంటి మీది ఒత్తిడి నెమ్మదిగా తగ్గించాలి. చిన్న గదిలో కూర్చోబెట్టి, గాలి కొంచెం కొంచెంగా మారుస్తూ, రోజుల తరబడి తీసుకెళ్తారు. పిల్లతో తల్లి ఉండాలి.

పైడమ్మని పిలిపించారు.

“నువ్వు వెళ్తే బండి ఖాళీగా ఉంచలేను పైడమ్మా. ఇంకొకరికి ఇచ్చేయాలి. తిరిగొచ్చాక బండి దొరుకుతుందని మాటివ్వలేను.”

“ఇంకో పని ఉంటాదా?”

“గుండ్లు వేరుచేసే షెడ్డులో ఉంటుంది.”

పైడమ్మ ఆ బండి నడపడానికి పరీక్ష నెగ్గిన మొదటి ఆడమనిషి అని నాకు తర్వాత తెలిసింది. ఆమె బండి తాళం తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

“టీచరమ్మ కూడా రావాల” అంది.

నమోదు 19

ఒత్తిడి గదిలో ఉన్నాం. రెండు బల్లలు, ఒక మంచం, అన్నం లోపలికి పంపే చిన్న తలుపు. గాలి మారుతున్నప్పుడు పట్టీలు పనిచేయవు కాబట్టి ముగ్గురివీ తీసి బయట పెట్టించారు.

మొదట మా గొంతులు ఎప్పటిలాగే పిట్టకూతలు. సైగలతో గడిపాం. మంగళ ఏదో చెబుతూనే ఉంది. పైడమ్మ తల ఊపుతోంది. అర్థమై కాదు.

నమోదు 20

గొంతులు బరువెక్కుతున్నాయి. నేను అన్న మాట పైడమ్మకి తెలిసింది. “అమ్మయ్య” అనుకున్నాం ఇద్దరం.

మంగళ మాట మానేసింది. తన గొంతు తనకే లావుగా వినబడేసరికి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తల్లి పిలిస్తే మంచం చివరికి జరిగిపోయింది. పుట్టినప్పటినుంచీ తల్లి గొంతు ఆమె విన్నది రెండు రకాలుగానే. పిట్టకూతగా, కాకపోతే పట్టీ నునుపు చేసి పంపిన గొంతుగా. ఈ మూడోది ఎవరిదో ఆమెకి తెలియదు.

పరీక్ష దగ్గరపడుతోంది. పిల్ల నోరు విప్పడం లేదు.

నమోదు 21

పొద్దున్నుంచి పూర్తిగా మామూలు గొంతులు. ఇదివరకటి నమోదుల్లో పైడమ్మ మాటలు నా అలవాటు చొప్పున రాశాను. ఈ రోజునుంచి విన్నవి విన్నట్టు రాస్తున్నాను. ఎందుకో కింద తెలుస్తుంది.

పైడమ్మ గ్లాసు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళింది.

“మంగలా, నీల్లు తాగుతావేటే?”

నేను తల ఎత్తాను. పట్టీ ఆమె మెడకి లేదు. నా చెవిలో బిళ్ళ లేదు. గాలి మామూలు గాలి.

“దా, తల్లీ. కల్లు మూసుకుని ఎంతసేపు కూకుంతావు? పెల్లికూతురునాగ.”

మంగళ కళ్ళు తెరిచి తల్లి నోటివంక చూసింది. చాలాసేపు చూసింది. మంచం మీంచి జరిగి వచ్చి, తల్లి గొంతు మీద చెయ్యి పెట్టింది.

“ఇంకోపాలి పిలు” అంది. గాలి మారాక అదే మొదటి మాట. బొంగురు గొంతు.

“మంగల.”

పిల్ల నా వైపు తిరిగింది. “టీచర్, అమ్మకి పట్టీ లేదు కదా?”

“లేదు.”

“మరి ల అంటోందే?”

పైడమ్మ గ్లాసు కింద పెట్టింది. “ఏటంతంది టీచరమ్మా?”

చెప్పాను. ఆమె విన్నది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

“నాను పుట్టినకాడ్నించీ అలగే అంతన్నాను. మా అమ్మా అంతే, మా ఊరోల్లంతా అంతే. కల్లంటే కల్లే, నీల్లంటే నీల్లే. ఎవులికీ తేడా రానేదు. అది తప్పా?”

“తప్పేం కాదండీ.”

“పిల్ల అలగంతే పరీచ్చలో తప్పని రాస్తారు గదా.”

“రాస్తారు.”

“మరి తప్పు కాదంతావేటి?”

పట్టీ పేరు మార్చేస్తోందని ఆమెతో అన్నది నేనే. ఈ పిల్ల పేరు విషయంలో యంత్రం మార్చిందేమీ లేదు. అమ్మ పిలిచినట్టే వినిపించింది.

కాసేపటికి పైడమ్మకి వేరే సంగతి తట్టినట్టుంది. పిల్ల గడ్డం పట్టుకుని, “ఏదీ, మల్లీ మాటాడు” అంది.

“ఏం మాట్లాడాలి?”

“ఏదోటి.”

“చేప. పీత. తలుపు.”

పైడమ్మ నవ్వడం మొదలుపెట్టింది. “సూడు టీచరమ్మా, అచ్చం మా అయ్య గొంతు. బొంగురు. ఆరేల్లబట్టీ నా పిల్ల గొంతు నాకు తెల్దు.” నవ్వుతూనే కొంగుతో ముఖం తుడుచుకుంది. మంగళ, ఇక ఆపకుండా, తెలిసిన మాటలన్నీ చెప్పుకుంటూ పోయింది.

నమోదు 22

రేవు కేంద్రంలో పరీక్ష. పెట్టినావిడ షకీలా గారు. సన్నగా, కళ్ళజోడుతో, తొందర లేని మనిషి. పైడమ్మని, నన్ను వెనక కుర్చీల్లో కూర్చోమన్నారు, మాట్లాడకూడదన్నారు.

మంగళ మొదట కిటికీవైపు చూసింది. ఆకాశం ఆమెకి కొత్త. షకీలా గారు లేచి తెర వేసి వచ్చారు.

శబ్దాలు మొదలయ్యాయి. క, ట, మ, ర దగ్గర వేలు వెంటనే పడింది. ళ అన్నప్పుడు ఆగింది. పెదవులు కదిపింది, శబ్దం రాకుండా. నాలుక లోపల అటూ ఇటూ తిరగడం బుగ్గ మీద కనిపిస్తోంది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“నాలుకని అడుగుతున్నా.”

షకీలా గారు ఆగారు. వేలు ళ మీద పడింది. ణ కీ అలాగే. ఖ కి అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని తేల్చుకుంది. ష దగ్గర తప్పింది, స ముట్టుకుంది. ఝ కూడా తప్పింది. అది పైన పుట్టిన పిల్లలు కూడా తప్పుతారు.

తర్వాత పలకడం. చూపించిన ప్రతి అక్షరం పలికింది. ళ బాగా పలికింది. గాలి మారినా, గొంతు మారినా నాలుక చోటు మారలేదు. పాకం అంటించి నేర్పినందుకు నాకు ఆ ఒక్క క్షణం సంతోషం కలిగింది. నమోదు చేస్తున్నాను.

ఆఖర్న పేరు చెప్పమన్నారు. ఆవిడ ముందున్న కాగితంలో మంగళ అని అచ్చయి ఉంది. పేరు పలకడానికి కూడా మార్కులు ఉంటాయని పిల్లకి నేను ముందే చెప్పాను.

మంగళ వెనక్కి తిరిగి తల్లిని చూసింది. పైడమ్మ తల వంచుకుని తన చేతుల్ని చూసుకుంటోంది.

“మంగల” అంది పిల్ల.

షకీలా గారి కలం ఆగింది. “ఇంకోసారి చెప్పమ్మా. కాగితంలో ఎలా ఉందో అలా.”

“కాగితంలో మంగళ. టీచర్ మంగళ అంటారు. అమ్మ మంగల అంటాది. పేరు అమ్మ పెట్టింది కదండీ?”

పైడమ్మ తల ఎత్తింది.

“మీ అమ్మే పెట్టింది” అన్నారు షకీలా గారు. కాగితం మీద ఏదో రాశారు. నాకు కనిపించలేదు. బయటికి వచ్చాక గుమాస్తా ఫలితం చదివాడు. నెగ్గింది. పేరు పలకడానికి పూర్తి మార్కులు.

షకీలా గారు ఇంకో కాగితం నాకిచ్చారు. అడుగు ఊళ్ళ పిల్లల పరీక్ష పట్టీల గుండా పెట్టడం న్యాయం కాదని పై ఆఫీసుకి రాసిన ఉత్తరం నకలు. దానికి జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు.

నమోదు 23

కృపానందం గారు కబురు చేశారు. పైడమ్మ బండి వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆమెకి చెప్పాను.

“ఎవులికిచ్చినారు?”

పేరు చెప్పాను.

“ఆడు మలుపుల్లో తొందర పడతాడు” అంది. బజారుకి వెళ్ళి పిల్లకి జామకాయలు కొని తెచ్చింది. మంగళ ఒక కాయని చాలాసేపు వాసన చూసి, తినకుండా జేబులో పెట్టుకుంది. తర్వాత బయటికి వెళ్దామంది. రేవు వెనక సందులో ఒక ఆవు పడుకుని ఉంది. దూరంగా నిలబడి చూసి, తను అనుకున్నదానికంటే పెద్దగా ఉందంది.

నమోదు 24

తిరుగు ప్రయాణం. అదే చిన్న గది. దిగడం ఎక్కడంకంటే త్వరగా అవుతుంది గానీ గాలి ఇక్కడా కొంచెం కొంచెంగానే మారుస్తారు.

తల్లీ కూతురూ ఎక్కినప్పటినుంచీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆవు గురించి, ఆకాశం గురించి, షెడ్డులో అమ్మ ఏం పని చేస్తుందన్నదాని గురించి. పైడమ్మ తన చిన్నప్పటి ఊరి సంగతులు చెబుతోంది. మంగళ అడ్డం వచ్చి ప్రశ్నలు వేస్తోంది. గొంతులు సన్నబడడం మొదలైంది. వాళ్ళు గమనించినట్టు లేదు.

నేను బల్ల మీద నిద్రపోయాను. లేచేసరికి ఇద్దరివీ పూర్తిగా పిట్టకూతలు. నాకొక్క ముక్క అర్థం కాలేదు. మంగళ ఏదో అంది, పైడమ్మ విరగబడి నవ్వింది. పైడమ్మ ఏదో అంది, మంగళ కాదు కాదని చెయ్యి ఊపి సరిచేసింది. మళ్ళీ నవ్వు. ఊరికే తల ఊపడం కాదు. ఒకరి మాటకి ఒకరు జవాబు చెప్పుకుంటున్నారు. గొంతు మెల్లమెల్లగా మారుతూ ఉంటే, మాట తెగకుండా పట్టుకుని పైడమ్మ చెవి కూడా దానివెంట దిగి వచ్చిందని నా ఊహ. నేను నిద్రపోకుండా ఉంటే నాకూ తెలిసేదేమో.

తలుపు తెరుచుకుంది. బయట మనిషి మూడు పట్టీలు పట్టుకుని నిలబడ్డాడు. నేను నాది కట్టుకున్నాను. రెండోది పైడమ్మకి అందించాడు. ఆమె అతనివైపు చూడకుండానే కాస్త ఆగమన్నట్టు చెయ్యెత్తి, కూతురు చెబుతున్నది పూర్తయ్యేదాకా వింటూ కూర్చుంది.